కనకవల్లి బ్యాంకు కాల్పులు

ఏఎస్సై పెచ్చెట్టి సత్తిరాజు మర్యాదస్థుడు. ఇచ్చిన టీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, మీసాలు తుడుచుకున్నాకే అడిగాడు.

"ఏమీ అనుకోకండమ్మా. తమరు కాల్పులు జరిపింది ఏ బ్యాంకులోనండి?"

వాసంశెట్టి కనకవల్లి బిస్కెట్ల ప్లేటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కు పోలీసులు వస్తారనీ, ఇల్లు సొంతమా అద్దెదా, ఇరుగుపొరుగుతో తగాదాలున్నాయా అని అడుగుతారనీ భర్త సూరిబాబు ముందే చెప్పాడు. కాల్పుల సంగతి మాత్రం చెప్పలేదు.

"కాల్పులేంటండీ?" అంది.

"అదేనండి, బ్యాంకు కాల్పులు. ఇందులో బ్యాంకు పేరు వెయ్యలేదండి. ఆ గడి ఖాళీగా వదిలేస్తే మా సీఐ గారు ఊరుకోరండి."

సత్తిరాజు తప్పేమీ లేదు. పైనుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. దరఖాస్తుదారుడి గుణగణాలు ఇకమీదట పక్కింటివాళ్ళను అడగకూడదు. పక్కింటివాళ్ళకు గోడల తగాదాలుంటాయి, మురుక్కాలవ తగాదాలుంటాయి. నిష్పక్షపాతంగా ఉండేది ఒక్క 'సర్వబోధిని' మాత్రమే. అది ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వం. దానికి పక్కిల్లు లేదు. అందులో మనిషి పేరు లేకపోతే ఏ గొడవా లేదు, మామూలు మనిషని రాసేయడమే. ఉంటే మాత్రం అందులో ఉన్నదంతా రిపోర్టులోకి ఎక్కాలి.

రేవుపట్నం మొత్తంలో సర్వబోధినికెక్కిన ఆడమనిషి కనకవల్లి ఒక్కతే.

సత్తిరాజు ఫోను తీసి, కళ్ళజోడు సర్దుకుని, పిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టు చదివాడు.

"కనకవల్లి వృత్తిపరమైన కొలను క్రీడాకారిణి. చిన్ననాటి నుండి ఆమె పొడవాటి కర్రతో కొట్టి జేబులు నింపుకొనుటలో నేర్పరి. ఆమె విరామము మిక్కిలి శక్తిమంతమైనది. బ్యాంకు కాల్పులలో ఆమెకు దేశములో సాటి లేరు. ప్రత్యర్థులు చూచుచుండగానే ఆమె బల్లను ఖాళీ చేసి పారిపోగలదు. చివరగా నల్లవానిని గుంతలో పడవేయుటతో ఆమె పని పూర్తియగును."

ఫోను దించాడు.

"ఈ నల్లవాడెవరండి?"

కనకవల్లికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నల్లవాడు కాదండీ బాబూ, నల్ల బంతి! పూల్ ఆటండి అది. బల్లమీద ఆడేది. జేబులంటే బల్లకుండే గుంతలు. పాకెట్లంటాం. విరామమని రాసింది బ్రేకండి, అంటే మొదటి దెబ్బ, బంతులన్నీ చెదిరిపోయేలా కొట్టేది. బ్యాంక్ షాటంటే బంతి బల్ల అంచుకి తగిలి, వెనక్కొచ్చి గుంతలో పడాలి. ఆ అంచునే బ్యాంకంటారు."

సత్తిరాజు శ్రద్ధగా విన్నాడు. ఇంకో బిస్కెట్టు తీసుకున్నాడు. "నాకు తెలుసండమ్మా. మీ హాల్లో మా బావమరిదే రోజూ ఆడతాడు. నాకు తెలిసినా నా రిపోర్టుకి తెలియదు కదండీ. తమరు ఇందులో మార్పించుకు రండి. ఆ పూటే సంతకం పెట్టేస్తాను."

కనకవల్లి తండ్రి ఒకప్పుడు ఆఫీసర్ల క్లబ్బులో మార్కరు, బల్ల పక్కన నిలబడి పాయింట్లు లెక్కపెట్టేవాడు. దొరల ఆటను దొరలకన్నా బాగా ఆడేవాడు గాని, వాళ్ళతో ఆడే వీలు లేదు. ఆ కర్ర కూతురికిచ్చాడు. ఆమె రెండుసార్లు జాతీయ విజేత అయింది. బస్టాండు దగ్గర మందుల షాపు పైన హాలు తెరిచి, రెండు బల్లలు వేసింది. ముప్పై నాలుగేళ్ళ వయసులో, ఇక రాదనుకున్నాక, ఆసియా పోటీలకు పిలుపొచ్చింది. కౌలాలంపూర్‌లో. ఉన్న పాస్‌పోర్టు గడువు తీరిపోయింది. కొత్తది రావాలి.

సర్వబోధినిలో ఆమె గురించి మొదట ఉన్నవి రెండే వాక్యాలు. ఎవరో పుణ్యాత్ముడు రాశాడు. రెండూ నిజాలే. ఆ తర్వాత 'వ్యాసోన్నతి ఉత్సవాలు' వచ్చాయి. ప్రతి వ్యాసాన్నీ మొలక స్థాయి నుంచి మొక్కగా, మొక్క నుంచి మానుగా, మాను నుంచి మహావృక్షంగా పెంచాలని పిలుపునిచ్చారు. ఎత్తు కొలిచేది అక్షరాల లెక్కతో. జిల్లాల మధ్య పోటీ పెట్టారు. మనుషులు రాస్తుంటే ఆలస్యమవుతోందని, ఇంగ్లీషు నుంచి తెనిగించే యంత్రాన్ని తెచ్చి తోటలో వదిలారు.

సూరిబాబు ఐసు ఫ్యాక్టరీ నుంచి వచ్చి విషయం విన్నాడు. "దీనికెందుకు అంత కంగారు? మనమే దిద్దేద్దాం, వల్లీ. ఎవరైనా దిద్దొచ్చని పైన రాసే ఉంది" అని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. 'కాల్పులు' అన్న మాటమీద వేలు పెట్టగానే తెరమీద ఎర్ర డబ్బా లేచింది.

"ఈ వ్యాసంలోని వ్యక్తి మీరేనా?"

కనకవల్లి నిజాయితీ గల మనిషి. అవునని నొక్కింది.

"మీరు మీరే అయినందున మీ గురించి మీకు తెలిసినది ఆమోదయోగ్యం కాదు. వేరొకరుగా మళ్ళీ ప్రయత్నించండి."

"కాదని నొక్కవే అంటే విన్నావు కాదు," అన్నాడు సూరిబాబు.

"నేను నేను కాదని ఎలా నొక్కను బావా?"

ఈసారి సూరిబాబు తన పేరు మీద ప్రయత్నించాడు. అతనికి వేరే డబ్బా లేచింది. భర్తలు ఆసక్తి గల వ్యక్తుల కిందికి వస్తారట. పెళ్ళయి ఇన్నేళ్ళకు తనను ఆసక్తి గల వ్యక్తి అన్నందుకు అతను లోపల కొంచెం సంతోషించాడు గాని, పైకి తిట్టాడు.

మర్నాడు ఆమె సర్వబోధిని జిల్లా కార్యాలయానికి వెళ్ళింది. అది గ్రంథాలయం మేడమీద ఒక గది. గోడనిండా చెట్ల బొమ్మలు. కన్వీనరు డాక్టర్ పేరి విశ్వపతి ఆమెను చూడగానే లేచి నిలబడి నమస్కరించాడు.

"రండి తల్లీ! మా తోటలో ఏపుగా ఎదిగిన మాను మీరే. ఉత్సవాలకు పూర్వం మీరు కేవలం మొలక. అహోరాత్రాలు జలసేచనం చేసి తమను ఉన్నతీకరించాం. మీవల్ల మన జిల్లా రాష్ట్రంలో ద్వితీయ స్థానంలో విరాజిల్లుతున్నది."

"సంతోషమండి. అందులో కాల్పులొకటి తీసెయ్యాలండి."

విశ్వపతి ముఖం వాడిపోయింది. "తీసివేతా? కొమ్మలు నరకమంటున్నారా?"

"కొమ్మలు కాదండి, అబద్ధాలండి."

"అబద్ధమైనా అక్షరమే కదమ్మా! ఉత్సవాల్లో తీసివేత సర్వథా నిషిద్ధం. చేర్పుకు మాత్రం మా ద్వారాలు సదా తెరిచి ఉంటాయి."

కనకవల్లి ఆ మాట పట్టుకుంది. "అయితే చేర్చండి. నేను ఎవర్నీ కాల్చలేదని చేర్చండి."

"ఆధారం?"

"నేనే చెప్తున్నా కదండీ."

"తమ విషయంలో తమకు పక్షపాతం సహజం. అచ్చయిన ఆధారం కావాలి."

ఆమె సంచిలోంచి పేపరు కత్తిరింపు తీసింది. 'పూల్‌లో కనకవల్లికి స్వర్ణం' అని ఉంది. విశ్వపతి దాన్ని వెలుతురుకేసి పట్టుకుని చూశాడు. "ఇందులో కాల్పులు జరపలేదని ఎక్కడా లేదే. పైగా 'పూల్' తెలుగు మాట కాదు. దాన్ని కొలను అనాలా, మరొకటి అనాలా అన్నది పరిభాషా విభాగం తేల్చాలి."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి ఆయన కరిగిపోయాడు. చెడ్డవాడు కాదు. మధ్యే మార్గం ఒకటి కనిపెట్టాడు. ఆమె అరెస్టయినట్టు ఏ పత్రికలోనూ రాలేదు కదా, అది నిర్వివాదం. అక్కడికక్కడే తన చేత్తో ఒక వాక్యం చేర్చి, చదివి వినిపించాడు.

"ఈ కాల్పులకు సంబంధించి ఆమె ఇంతవరకు పట్టుబడలేదు."

"అయ్యో, అది ఇంకా అన్యాయంగా ఉందండీ!"

"సమతుల్యత లోపించిందంటారా? ఉండండి." ఇంకోటి చేర్చాడు. "ప్రాణనష్టం వివరాలు తెలియరాలేదు."

కనకవల్లి ఇక ఏమీ అడగకుండా మెట్లు దిగింది. అడిగిన కొద్దీ తన నేరాలు పెరిగేలా ఉన్నాయి.

ఊళ్ళో మార్పు తెలుస్తూనే ఉంది. ఆమె డబ్బు వేయడానికి బ్యాంకుకు వెళితే గార్డు లేచి నిలబడ్డాడు. భయంతోనో గౌరవంతోనో ఆమెకు అర్థం కాలేదు. క్యూలో ముందున్నవాళ్ళు దారిచ్చారు. క్యాషియరు నోట్లు లెక్కపెట్టకుండానే తీసుకుని, "సరిపోయాయండి, సరిపోయాయి" అన్నాడు. బయట కూరగాయలమ్మే ఆమె మాత్రం చెయ్యి పట్టుకుని, "ఎంత కష్టమొచ్చి చేసేవో తల్లీ" అని కంటనీరు పెట్టుకుంది.

పోటీలు దగ్గరపడుతున్నాయి. సూరిబాబు రోజూ గ్రంథాలయం మేడ ఎక్కి దిగితే, చివరికి విశ్వపతి సత్యనిర్ధారణ ఉపసంఘం వేశాడు. ఉపసంఘం హాలుకు వచ్చింది. అందులో ఇద్దరు. ఒకరు విశ్వపతి, రెండోవారు పరిభాషా విభాగం అధిపతి భద్రాచార్యులు.

భద్రాచార్యులు పెద్దవాడు. జీవితమంతా ఇంగ్లీషు మాటలకు తెలుగు మాటలు కట్టడంలోనే గడిపాడు. వేలకు వేలు కట్టాడు. అవన్నీ పెద్ద నిఘంటువుగా అచ్చయ్యాయి. ఆ నిఘంటువులోంచి ఒక్క మాటైనా బయటికొచ్చి ఎవరి నోటా పలికిన దాఖలా లేదు. ఫ్రిజ్జుకు 'శైత్యపేటిక' అని ఆయనే పెట్టాడు. ఆయన భార్య కూడా దాన్ని ఫ్రిజ్జనే అంటుంది.

హాల్లో ఆడుతున్న కుర్రాళ్ళు పక్కకు తప్పుకున్నారు. కనకవల్లి రెండో బల్లమీద దుమ్ము పడకుండా కప్పిన గుడ్డ తీయబోయింది.

"ఆగండి!" అని అరిచాడు విశ్వపతి. "మా కంట పడనీయకండి. కళ్ళతో చూసి రాయడం స్వీయ పరిశోధన అవుతుంది. అది సర్వబోధినిలో మహాపరాధం. మేం చూడకుండా నిర్ధారించాలి."

"చూడకుండా ఎలాగండీ?"

"అందులోనే ఉంది మా నిష్పాక్షికత."

ఇద్దరూ వెళ్ళి గోడకేసి తిరిగి నిలబడ్డారు. ఎదురుగా ఎరువుల కంపెనీ క్యాలెండరు ఉంది. కనకవల్లి కర్రకు సుద్ద రాసుకుంది. కోపంగా ఉన్నప్పుడు ఆమె బాగా ఆడుతుంది. బ్రేకు కొట్టింది. బంతులు పగిలినంత చప్పుడైంది. విశ్వపతి ఉలిక్కిపడి, క్యాలెండరును మరింత దీక్షగా చూశాడు. ఆమె ఒక్కొక్క బంతీ కొడుతూ, "ఇదండీ పాకెట్టు, ఇదండీ కట్, పక్కగా తగిలించడం" అని చెబుతూ పోయింది. చివరికి నల్ల బంతి మిగిలింది. నేరుగా దారి లేదు.

"ఇదేనండి మీరు రాసిన కాల్పులు," అని కొట్టింది.

టక్కున ఒక చప్పుడు, మెత్తగా ఇంకొకటి, ఆ తర్వాత గుంతలోకి జారిన గరగర. కుర్రాళ్ళు ఈలలేశారు. భద్రాచార్యుల మెడ దానంతటదే తిరిగింది.

"ఆచార్యా! ముఖం ఇటు!"

"విశ్వపతీ, అది అంచుకు తగిలి, వెనక్కి వచ్చి, ఆ మూల పడిందయ్యా!" ఆయన గొంతులో పసిపిల్లవాడి ఆశ్చర్యం ఉంది.

"అంటే చూశారా?"

"చూశాను."

"అయితే తమరికి నిజం తెలిసిపోయింది. నిజం తెలిసినవారు సాక్షులవుతారు. సాక్షులు ఉపసంఘంలో ఉండరాదు. తమ సభ్యత్వం ఈ క్షణం నుంచి రద్దు."

మిగిలిన ఏకసభ్య ఉపసంఘం గోడ పట్టుకుని, బల్లకేసి చూడకుండా మెట్లదాకా నడిచి వెళ్ళిపోయింది. సాయంత్రానికి వ్యాసంలో కొత్త వాక్యం చేరింది: "ఉపసంఘం ఆమె కార్యస్థలాన్ని ఆకస్మికంగా సందర్శించినప్పటికీ ఆయుధాలేవీ కనబడలేదు."

భద్రాచార్యులు వెళ్ళలేదు. "అమ్మాయీ, ఇంకొక్కసారి కొట్టవూ?" అన్నాడు. ఆమె కొట్టింది. ఇంకోసారి అడిగాడు. చివరికి, "దీన్నేమంటారు?" అన్నాడు.

"బ్యాంక్ షాటండి."

"ఛీ, ఇందులో బ్యాంకెక్కడుంది! దీన్ని 'ప్రాకార ప్రత్యావర్తిత ప్రహారం' అనాలి."

"ఆచార్యుల గారూ, అది పలికేలోపల నేను రెండు ఆటలు ఓడిపోతానండి," అంది కనకవల్లి. అన్నాక బాధపడింది. పెద్దాయన ముఖం చిన్నబోయింది. ఆ మాట ఆయనతో ఎవరూ అనలేదు కాబోలు. భార్య కూడా మొహమాటపడి ఉంటుంది.

మర్నాడు ఆయన మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడు కూడా. మూల స్టూలు మీద కూర్చుని బంతులకేసి చూస్తూ, పెదవులు కదుపుతూ ఉండేవాడు. ఒక సాయంత్రం ఎవరో కొడుతుంటే, "గోడదెబ్బ" అన్నాడు నెమ్మదిగా. ఎవరూ పట్టించుకోలేదు.

అటు రిపోర్టు పంపే గడువు ముంచుకొచ్చింది. సత్తిరాజు యూనిఫాం లేకుండా హాలుకు వచ్చాడు. కనకవల్లి ఆట కట్టిపెట్టి బెంచీ మీద కూర్చుని ఉంది.

"నాన్న బతికుంటే ఏమనేవాడో," అంది. "దొరలు ఆడనివ్వలేదు ఆయన్ని. నన్ను ఆపుతున్నదెవరో కూడా నాకు తెలీడం లేదండి. ఎవరి మీద కోప్పడాలి? అందరూ నమస్కారం పెట్టేవాళ్ళే."

సత్తిరాజు టోపీ లేని తల గోక్కున్నాడు. "ఆళ్ళకి పేపర్లో పడాలంతే కదండీ? మేం చెప్తే పేపర్లో పడుద్దండి. రోజూ దొంగల్ని పట్టుకున్నామని చెప్తాం. ఓ రోజు పట్టుకోలేదని చెప్తే పోలా?"

మర్నాడు స్టేషన్లో విలేకరుల సమావేశం పెట్టించాడు. బల్లమీద తుపాకులూ నగలూ లేకపోవడంతో విలేకరులు నీరుగారిపోయారు.

"వాసంశెట్టి కనకవల్లి గారు ఏ బ్యాంకులోనూ కాల్పులు జరపలేదని తెలియజేస్తున్నామండి," అన్నాడు సత్తిరాజు.

"మరి జరిపిందెవరు?"

"ఎవరూ జరపలేదండి."

"అంటే కేసు మూసేశారా?"

"అసలు కేసే లేదండి!"

పొద్దున్నే పేపరు చూసి సూరిబాబు కుర్చీలో కూలబడ్డాడు. 'కాల్పుల కేసులో కనకవల్లికి ఊరట. కేసే లేదంటున్న పోలీసులు. తెరవెనుక ఒత్తిళ్ళే కారణమా?'

సర్వబోధినిలో మధ్యాహ్నానికల్లా 'వివాదాలు' అనే కొత్త శీర్షిక మొలిచింది. మొదటి వాక్యం: "ఆమె నిర్దోషిగా బయటపడింది." వ్యాసం మహావృక్షమైంది. జిల్లా ప్రథమ స్థానానికి ఎగబాకింది. విశ్వపతి స్వయంగా శాలువా, చిన్న వేపమొక్క పట్టుకుని ఇంటికొచ్చాడు. శాలువా కప్పుతూ, "ఇంతకీ తమరు ఆడే ఆట ఏదమ్మా?" అని అడిగాడు. చెప్పబోతుంటే చెవులు మూసుకున్నాడు. "వద్దు వద్దు, మీ నోటి నుంచి వినకూడదు!"

సత్తిరాజు రిపోర్టులో గడులన్నీ నిండాయి. 'అభ్యర్థినిపై ఆరోపణలు వచ్చినవి. వీగిపోయినవి. అభ్యంతరం లేదు.' జరగని నేరం నుంచి విడుదలై కనకవల్లి విమానమెక్కింది.

సర్వబోధినికి ఇతర భాషల్లోనూ కొమ్మలున్నాయనీ, యంత్రం తన కాల్పులను వాటికీ పాకించిందనీ ఆమెకు కౌలాలంపూర్‌లో తెలిసింది. మొదటి ఆటకు ముందు, పరిచయం చేసేవాడు కాగితం చూసి చదువుతూ గొంతు తగ్గించాడు. ప్రత్యర్థి దూరం నుంచే చేయి చాచి, వేళ్ళ కొసలు తగిలించి వెనక్కి లాక్కుంది. ఆటంతా ఆ అమ్మాయి కనకవల్లికేసే చూస్తూ తేలిక బంతులు కూడా పోగొట్టుకుంది. కనకవల్లి తేలిగ్గా గెలిచింది. రెండో ఆటా అంతే. గెలిచి గదికి వెళ్ళి, సూరిబాబుకు ఫోను చేసి ఏడ్చింది.

"భయపడి ఓడిపోయినవాళ్ళ మీద గెలిస్తే అదేం గెలుపు బావా? నాన్న ఆట ఆడటానికొచ్చాను. రౌడీలా తిరుగుతున్నాను."

సెమీఫైనల్లో ఎదురుపడింది ఫిలిప్పీన్స్ మనిషి. తలలో నెరసిన వెంట్రుకలున్నాయి. పరిచయం చదువుతుంటే చేతులు కట్టుకుని విన్నది. 'బ్యాంకు కాల్పులు' అనగానే కనుబొమలు ముడిచింది. ఒక్క క్షణం. అంతే, పగలబడి నవ్వింది. బల్ల దగ్గరికి వెళ్ళి, చూపుడు వేలితో గాలిలో ఒక గీత గీసింది. గీత అంచుదాకా వెళ్ళి, తగిలి, వెనక్కి మళ్ళి, మూల గుంతలో దిగింది. "ఇదేనా?" అన్నట్టు కళ్ళెగరేసింది.

కనకవల్లి తల ఊపింది. ఇన్నాళ్ళకు, ఇంత దూరం వచ్చాక, ఆ మాట విని అర్థం చేసుకున్న మనిషి ఒకరు కనిపించారు. ఇద్దరూ నవ్వుతూనే కర్రలు అందుకున్నారు.

ఆ మనిషి దయాదాక్షిణ్యాలు లేకుండా ఆడింది. కనకవల్లికి అదే కావాలి. ముందు వెనకబడింది, తర్వాత అందుకుంది. ఆఖరి ఆటకు వచ్చేసరికి ఇద్దరూ సమానం. కనకవల్లి కొట్టాల్సినవాటిలో నల్ల బంతి ఒక్కటే మిగిలింది. దానికీ గుంతకూ మధ్య ఎదుటామె బంతి అడ్డంగా కూర్చుంది. నేరుగా దారి లేదు.

కనకవల్లి బల్లచుట్టూ నడిచింది. వంగింది. చుట్టూ ఎవరున్నారో, తన గురించి ఎక్కడ ఏం రాసుందో ఆ క్షణంలో ఏమీ గుర్తులేదు. పచ్చగుడ్డ, తెల్ల బంతి, నల్ల బంతి, అంతే. కొట్టింది. నల్ల బంతి అంచుకు తగిలింది, మళ్ళింది, మూల గుంత పెదవి మీద ఒక్క క్షణం తూగి, లోపలికి జారింది.

ఫిలిప్పీన్స్ ఆమె కర్ర పక్కన పెట్టి వచ్చి గట్టిగా కౌగిలించుకుంది.

బయటికి రాగానే కనకవల్లి ఫోను చేసింది. రేవుపట్నంలో హాలంతా ఫోన్లో ఆట చూస్తోందని ఆమెకు తెలుసు. సూరిబాబు ఎత్తాడు గాని, అతని మాట వినబడలేదు. వెనకాల కుర్రాళ్ళు బల్లలు బాదుతూ ఒకటే గోల. ఏమంటున్నారో మొదట అర్థం కాలేదు.

"గోడదెబ్బ! గోడదెబ్బ! ఏం గోడదెబ్బ కొట్టిందిరా అక్క!"

సత్తిరాజు గొంతు కూడా అందులో ఉంది. "గోడదెబ్బంటే అదండి!"

ఫోను చేతులు మారింది. అవతల ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు.

"అమ్మాయీ," అన్నాడు భద్రాచార్యులు. "విన్నావా? నేను నోరు విప్పలేదు. ఒట్టు. బంతి అటు వెళ్ళగానే వాళ్ళంతట వాళ్ళే అన్నారు. అందరూ ఒక్కసారే అన్నారు."

"విన్నానండి."

"నిఘంటువులో లేదమ్మా అది. ఇంకా ఎక్కించనే లేదు."

"మంచి మాటండి ఆచార్యుల గారూ. నోటికి పట్టింది."

ఆయన ఏదో జవాబు చెప్పాడు. కుర్రాళ్ళ ఈలల మధ్య ఆమెకు ఏమీ వినబడలేదు. అయినా ఫోను పెట్టకుండా, ఆ గోల ఆగేదాకా చెవికి ఆనించుకునే నిలబడింది.